గంట మోగాక వచ్చే గొంతు

పిన్ని ఇల్లు, మేడ మీద గది
వానలు మొదలైన వారం

చెల్లాయ్,

క్షేమంగా చేరాను. నా క్షేమం ఎవరిక్కావాలి గానీ, నీ దగ్గర వదిలొచ్చిన నా పిట్ట, బుగ్గన్న, ఎలా ఉన్నాడో ముందు అది రాయి.

పిన్ని నన్ను చూడగానే భోరుమంది. "ఏడవకు, బతికే ఉన్నా" అని పలక మీద రాసి చూపిస్తే ఇంకా గట్టిగా ఏడ్చింది. రోజంతా మైకులో అరిచి జనాన్ని ఈ ప్లాట్‌ఫారం మీంచి ఆ ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తించిన నోరిది. ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా పలకే గతి. గొంతులో కాయ తీశాం కదా, బాగా మానేదాకా మాట్లాడకూడదంది డాక్టరమ్మ. గుసగుసలాడినా తప్పేనట. పిట్ట ఉన్న ఇంట్లో అసలే ఉండొద్దంది, వాడి ఈకల్లోంచి రాలే తెల్లపొడి గొంతుకు పడదట. వాడు లేని ఇంట్లో నాకు ముద్ద దిగదని ఆవిడకేం తెలుసు!

వాడింకా పసివాడు. చెంచాతో పెట్టడం మాన్పించి ఎంతో కాలం కాలేదు, గింజ ఒలుచుకోవడం ఇప్పుడిప్పుడే వస్తోంది. పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువ వెయ్యకు, కొవ్వు పడుతుంది. ఆకుకూర కడిగి తుడిచి పెట్టు. ఉడికించిన గుడ్డు చిటికెడు. కమ్మీకి కట్టిన తెల్లబిళ్ళ ముక్కు అరగదీసుకోడానికి, మురికిగా ఉందని పారేసేవు. నువ్వు అట్లు పోసే ఆ నల్ల పెనం, అంటుకోనిది, అది మాడితే వచ్చే పొగ వాడి ప్రాణం తీస్తుంది. అటకెక్కించెయ్. వాడు బయట ఉన్నప్పుడు ఫ్యాను ఆపు. రాత్రి పంజరం మీద గుడ్డ కప్పు, కానీ చిన్న దీపం ఉంచు, మరీ చీకటైతే బెదిరి రెక్కలు కొట్టుకుంటాడు. నెత్తి మీద కుచ్చు నిక్కితే ఆశ్చర్యపోయాడని, అణిగితే కోపమొచ్చిందని.

అన్నిటికంటే ముఖ్యం టేపు. స్టేషన్లో నా గదిలో కూచుని రికార్డు చేసింది. ముందు మూడుసార్లు గంట మోగుతుంది, ఆ తర్వాత నా గొంతు. రోజూ పొద్దున గుడ్డ తీయగానే పెట్టు. ఈ వయసులో ఏ గొంతు వింటే చచ్చేదాకా అదే తల్లి గొంతు అనుకుంటాయని పిట్టలమ్మే ఆయన చెప్పాడు.

ఇంకో మాట. వాడితో నువ్వు ఎక్కువ మాట్లాడకు. నీ మంచికే చెబుతున్నా. మరిగాడంటే రేపు నేను తీసుకెళ్ళినప్పుడు బెంగపడేది నువ్వే.

నీ అక్క

*

కుట్టు గది
కరెంటు లేని మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం చదివాక మీ మరిది ఏమన్నాడో తెలుసా? "మీ అక్క నోరు మూయించారు గానీ చెయ్యి మర్చిపోయారు" అన్నాడు. అన్నది ఆయన, నేను కాదు.

నీ బుగ్గన్న మహారాజులా ఉన్నాడు. వచ్చిన రోజు పంజరం మూలకి నక్కి, వేలు పెడితే పాములా బుస్సుమన్నాడు. ఇంత లేడు, ఆ బుస ఎక్కణ్ణుంచి వస్తుందే? గింజలు తినేది తక్కువ, విసిరేది ఎక్కువ. నేను కుట్టే గుడ్డలన్నిటి మీదా తెల్లపొడి. నిన్న నల్లకోటు ఆల్టరేషన్‌కి ఇచ్చినావిడ, "ఇదేంటమ్మా, పౌడరు రాశావా?" అని అడిగింది. పెనం అటకెక్కింది. ఫ్యాను లేక నేను చెమటలో ఈదుతున్నాను. గుండుసూదులన్నీ డబ్బాలో పెట్టి మూతేశాను, వాడి కళ్ళు ఎప్పుడూ వాటి మీదే.

ఎక్కువ మాట్లాడొద్దన్నావు. సరే. ఆ మాట నాకు కొత్తా? ఇంటికి చుట్టాలొస్తే "అమ్మలూ, నువ్వో పాట పాడవే" అని నిన్ను, "నువ్వు లోపలికెళ్ళు బొంగురూ" అని నన్ను. వాళ్ళకి నీ పాట, నాకు వాళ్ళు తాగి పెట్టిన గ్లాసులు. కడుగుతూనే పెరిగాను. ఒక పిట్ట దగ్గర నోరు మూసుకోలేనా?

మిషను తొక్కుతుంటే మాత్రం వాడు కదలకుండా చూస్తాడు. ఆపితే కుచ్చు లేపి "ఏం, ఆపావేం?" అన్నట్టు చూస్తాడు. మాట్లాడ్డం లేదులే, కంగారు పడకు. మిషనే మాట్లాడుతోంది.

టేపు పెడుతున్నా.

చెల్లి

*

పిన్ని ఇల్లు
వాన వెలిసింది, దగ్గు తగ్గలేదు

చెల్లాయ్,

ఉత్తరం అందింది. గ్లాసుల సంగతి ఇంకా గుర్తుపెట్టుకున్నావా? కడిగినదానివి కడిగినట్టున్నావు, పగలగొట్టి నామీద చెప్పిన రోజులు రాయలేదే?

మిషను చూస్తాడా? పంజరంలోంచి చూస్తాడా, బయటికొచ్చి చూస్తాడా? వేలెక్కుతున్నాడా? విప్పి రాయి. "టేపు పెడుతున్నా" అని రెండు ముక్కలు గీకితే ఏం తెలుస్తుంది? విన్నప్పుడు ఎలా చేస్తున్నాడు? కుచ్చు లేపుతున్నాడా? టేపు దగ్గరికి జరుగుతున్నాడా? నా గొంతు వినగానే కమ్మీలు పట్టుకుని వేలాడేవాడు. ఉద్యోగం నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపలినుంచి గోలగోల. ఆ గోల కోసమే వచ్చేదాన్ని ఇంటికి. నీకు మొగుడున్నాడు, మిషనుంది, పొద్దస్తమానం తలుపు కొట్టే ఆడవాళ్ళున్నారు. నాకు తాళం తీస్తే పలికేవాడు వాడొక్కడు.

మెడ వెనక కొత్త ఈకలు ముళ్ళలా పొడుచుకొస్తే దురద పెడుతుంది వాడికి. తల వంచి గోకమంటాడు. గట్టిగా నొక్కకు, నెత్తురొస్తుంది. అసలు నువ్వు గోకనే వద్దు. వాడే తంటాలు పడతాడు.

ఇక్కడ పిన్ని రేడియో పెడుతుంది. అందులో ఆడమనిషెవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండిపోతోంది, కట్టేయమని సైగ చేస్తున్నాను. నేను లేని సీట్లో స్టేషన్లో ఎవర్నో కొత్తపిల్లని కూచోబెట్టారట. ముక్కుతో మాట్లాడుతుందని విన్నాను. విని ఆ పూట కడుపునిండా తిన్నాను.

అక్క

*

కుట్టు గది
చలి మొదలైంది

అక్కా,

కూచుని చదువు. పక్కన పిన్నిని ఉంచుకో.

నీ బుగ్గన్న మొహం పసుపు తిరిగింది. బూడిదరంగు ఈకలు పంజరం నిండా రాల్చేసి, వాటి చోట పచ్చగా, బుగ్గలు ఇంకా ఎర్రగా, అబ్బ, ఏం కళ వచ్చిందే వాడికి! వచ్చేవాళ్ళు కొలతలివ్వడం మానేసి వాణ్ణి చూస్తున్నారు. మగపిట్టేనట, ఇక అనుమానం లేదు. నువ్వు చూడలేకపోయావు పాపం.

వేలెక్కుతున్నాడా అన్నావు. వేలేంటి, భుజమెక్కుతున్నాడు. మిషను మీద కూచుంటున్నాడు. కొలత టేపు కొరికి అంచంతా రంపం చేశాడు. తల వంచి నా గడ్డం కింద దూర్చి గోకమంటాడు. గోకొద్దన్నావు గానీ, వాడు కళ్ళు మూసుకుని అలా నుంచుంటే ఎవరి చెయ్యి ఆగుతుందే? రాతిగుండె ఉండాలి.

అసలు విశేషం చెప్పలేదు. వాడు ఈలేస్తున్నాడు! టేపులో మూడు గంటలున్నాయి చూడు, టింగ్, టాంగ్, టింగ్. అచ్చం అదే. మీ మరిది మొదటిసారి విని "ఏ బండి వస్తోంది?" అని లేచి నుంచున్నాడు. నేను గదిలోంచి లేచి వెళితే చాలు, వెంటనే గంట కొడతాడు. "వస్తున్నానురా, వస్తున్నా" అంటే ఊరుకుంటాడు. అనకపోతే మళ్ళీ కొడతాడు. అన్నాక మిషను మీంచి ఎగిరి నేనున్న చోటికి వచ్చి వాలతాడు. ఈ బొంగురుగొంతు కోసం ఇంతవరకూ ఎవరూ ఇల్లు దాటి రాలేదు. ఇప్పుడొకడు వంటింట్లోకి ఎగిరొస్తున్నాడు. రాసుకోనీ నన్ను.

నువ్వు తాళం తీస్తే పలికేవాడన్నావు. ఇప్పుడు నేను ఉప్పు కోసం లేచినా పలుకుతున్నాడు.

టేపు రోజూ పెడుతూనే ఉన్నానే తల్లీ. లేకపోతే గంటలెలా వస్తాయి?

చెల్లి

*

పిన్ని ఇల్లు
కొత్త పలక కొనాల్సిన రోజు

చెల్లాయ్,

చదివాను. పిన్నిని పక్కన ఉంచుకోలేదు. ఉంచుకోవాల్సింది, పలక విసిరి పగలగొట్టాను.

గంటలొచ్చాయా? చాలా సంతోషం. గంటల తర్వాత నా మాటేది? గంటలు పట్టినవాడికి మాట పట్టదా? వాడు నన్ను కమ్మీలు పట్టుకుని విన్నవాడే. నువ్వే పూటంతా వాడి చెవిలో "వస్తున్నా వస్తున్నా" అని రొద పెడుతుంటే ఇక నా గొంతుకి చోటెక్కడ? మాట్లాడొద్దని ముందే చెప్పాను. విన్నావా? చిన్నప్పుడూ అంతే. నా రిబ్బను "ఒక్కపూట" అని తీసుకుని దాని రంగు పోయేదాకా ఇవ్వలేదు.

వాడి మొహం పసుపు తిరగడం చూడాల్సింది నేను. మొదటి ఈల వినాల్సింది నేను. ఎంచి, బేరమాడి, దుప్పటిలో చుట్టి, చెంచాతో తినిపించి పెంచింది నేను. నువ్వు మహా అయితే గుడ్డ తీసినదానివి. కుళ్ళుబోతుదానా అంటావా, అను. కుళ్ళే. ఎవరికి చెప్పుకోను, చెప్పడానికి నోరు కూడా లేదు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. డాక్టరమ్మ ఇక పిట్ట దగ్గర ఉండొచ్చంది. పంజరం కడిగి ఉంచు. గింజలడబ్బా, తెల్లబిళ్ళ, టేపు అన్నీ సంచిలో సర్ది ఉంచు. నేను ఇంకా మాట్లాడకూడదు, కాబట్టి నన్నేం అడగొద్దు.

అక్క

*

కుట్టు గది
నువ్వు వెళ్ళిన మర్నాడు

అక్కా,

ఏమైందే నీకు? పంజరం సర్దాను, సంచి సర్దాను, వాడి గింజలు కూడా మూట కట్టాను. కాఫీకి పాలు పెట్టానో లేదో, చెప్పులేసుకుంటున్నావు. పిట్టని వదిలేసి, సంచి వదిలేసి, కాఫీ కూడా తాగకుండా!

వాడు నిన్ను చూసి బుస్సుమన్నాడని కోపమా? అది చూస్తే నాకూ బాధగానే అనిపించింది. అబద్ధమెందుకు, మొదట కొంచెం సంతోషమే వేసింది. ఆ తర్వాత బాధ. నువ్వు కుర్చీలో కూచుని ఒళ్ళో పలక పెట్టుకుని వాణ్ణే చూస్తున్నావు. వాడు కుచ్చు అణిచి వెనక్కి జరిగాడు. చూడలేక వంటింట్లోకి వచ్చేశాను.

నేను లేచి రాగానే వాడు మామూలుగా గంట కొట్టాడు. పాలు పొంగుతున్నాయి, "వస్తున్నానురా" అనబోయాను. నోరు తెరిచానో లేదో, హాల్లోంచి నా గొంతు వినిపించింది. నేను వంటింట్లో, నా గొంతు హాల్లో! అదీ ఏమంటోంది? "ప్రయాణికులకు మనవి" అంటోంది. జన్మలో నేనా మాట అని ఎరగను. బుగ్గన్నకి మాటలొచ్చేశాయనుకుని పాలు వదిలేసి పరిగెత్తాను.

వాడు నీ భుజం మీదున్నాడు. నీ గడ్డం కింద తల దూర్చి, కళ్ళు మూసుకుని. నువ్వు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని ఉన్నావు.

అప్పుడర్థమైంది. ఆ మాట అన్నది నువ్వు. నీ గొంతు నా గొంతైపోయింది.

నీకెప్పటి నుంచి తెలుసు? నాతో ఎందుకు చెప్పలేదు? జాలిపడాలని తెలుసు నాకు. పడుతున్నాను కూడా. కానీ ముందు మండిందే అక్కా, నిజం చెబుతున్నా. పాటలు నీవి, మైకు నీది, చుట్టాల మెప్పు నీది. ఈ పగిలిన గొంతొక్కటే నాది. దానికోసం వచ్చే పిట్ట ఒక్కటే నాది. నువ్వొచ్చి ఒక్కసారి నోరు తెరిచావు, అవి రెండూ నీ భుజమెక్కాయి.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. రాయి.

చెల్లి

*

నా ఇల్లు
తాళం తీస్తే ఎవరూ పలకని ఇల్లు

చెల్లాయ్,

ఆపరేషన్‌కి ముందే చెప్పింది డాక్టరమ్మ, గొంతు మారొచ్చని. అందుకే హడావుడిగా ఆ టేపు చేశాను. నా గొంతు నా దగ్గర లేకపోయినా వాడి దగ్గరైనా ఉంటుందని. గంటలు మోగాక ఒక్క మాట, "బుగ్గన్నా" అని నా పాత గొంతుతో వాడంటే చాలనుకున్నాను. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వు లోపల్లోపల నవ్వుకుంటావనుకున్నాను. నెలరోజుల కిందటే మాట్లాడొచ్చంది డాక్టరమ్మ. పలక పట్టుకుని వచ్చింది నీకు వినపడకూడదనే.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే వాడు గంట కొట్టాడు. మూడూ శుద్ధంగా కొట్టాడు. ఆ వెంటనే ఇంకో చప్పుడు చేశాడు. "టక్."

మన టేపురికార్డరు బొత్తాం చప్పుడు. నాన్న కొన్నప్పటి నుంచి అది అలాగే అంటుంది కదా, ఆపితే.

రోజూ పెడుతున్నానన్నావు. నిజమే, పెట్టావు. గంటలు మోగించి, నా గొంతు వచ్చే లోపు టక్కున ఆపేశావు. ప్రతిరోజూ. వాడు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో! నువ్వెప్పుడూ గమనించనే లేదా? నువ్వు లేచి వెళ్ళాక కొడతాడు కాబట్టి గంటలు వినపడ్డాయి గానీ ఆ చిన్న చప్పుడు నీ దాకా రాలేదేమో.

నాకు కోపం రావడానికి కూడా వ్యవధి లేదు. ఇన్నేళ్ళుగా ఆ మూడు గంటలు మోగితే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకుంది. నా గొంతు వస్తుందని ఏ మూలో ఆశ. నీ గొంతు వచ్చింది. వాడు ఒక్క ఎగురు ఎగిరి నా మీద వాలాడు. నెలల తరబడి ఆ బరువు కోసమే చూశాను. కానీ వాడు వచ్చింది నా దగ్గరికి కాదు. నీ దగ్గరికి. తల దూర్చింది నీ గడ్డం కింద అనుకుని. అది భరించలేకపోయాను. అందుకే చెప్పులేసుకున్నాను.

స్టేషన్లో నన్ను మైకు గదిలోంచి మార్చేశారు. విచారణ కౌంటరు. ఆ ముక్కుపిల్ల సీటు ఖాయమైంది. ఎవరైనా అడిగితే కాగితం మీద రాసిస్తున్నాను.

వాణ్ణి ఉంచుకో. గొంతు నీది, పిట్ట నీది. సంచిలో టేపు మాత్రం నాకు పంపు.

అక్క

*

కుట్టు గది
మిషను తొక్కబుద్ధి కాని రోజు

అక్కా,

టేపు పంపను.

ఆపేశాను. ఔను. మొదటిరోజు నీ గొంతు వినగానే వాడు కమ్మీలకి వేలాడాడు. నేను ఎదురుగా గింజలు పట్టుకుని నుంచున్నాను, నన్ను చూడనైనా చూడలేదు. చుట్టాలంతా మళ్ళీ ఇంటికొచ్చినట్టనిపించింది. బొత్తాం నొక్కేశాను. రెండోరోజు పెట్టాలనే అనుకున్నాను, వేలు వినలేదు. నీ గొంతు పోతుందని తెలిస్తే ఆపేదాన్ని కాదు. తెలియక చేశానని తప్పించుకోవడం లేదు, చెబుతున్నాను అంతే.

నిన్న టేపు పూర్తిగా పెట్టాను. ఎంత బాగుందే నీ గొంతు! ఇన్నాళ్ళూ ఉడుక్కుంటూనే విన్నాను, ఊరికే వినడం ఇదే మొదటిసారి. బుగ్గన్న ఏం చేశాడో తెలుసా? గంటలయ్యాక నీ మాట మొదలవగానే, "టక్" అన్నాడు. టేపు ఆగలేదు. మళ్ళీ "టక్" అన్నాడు. నేను ఆపకపోయేసరికి నా వంక చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వూ వచ్చింది. ఇప్పుడు రోజూ పూర్తిగా పెడతాను, నిన్న చివర్లో టేపు వైపు రెండడుగులు జరిగాడు కూడా.

ఉంచుకోమన్నావు గానీ, ఉంచుకున్నా నాకు దక్కడం లేదు. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ వాడు గుమ్మం వైపున్న కమ్మీ మీదే కూచుంటున్నాడు. గంట కొడతాడు. "వస్తున్నానురా" అంటాను. నన్ను చూస్తాడు. తర్వాత గుమ్మం వంక చూస్తాడు. మళ్ళీ కొడతాడు. ఇదే గొంతుతో ఇంకో మనిషి ఉందని వాడికి తెలిసిపోయింది. నేనొక్కదాన్నే చాలడం లేదు. నేను తినిపించి, నేను కడిగి, గుమ్మం నీకా? ఎంత మండుతోందో నాకు!

కాబట్టి నామీద ప్రేమతో రావద్దు. వాడి పోరు పడలేక పిలుస్తున్నాను. ముందు గది ఖాళీ చేశాను, మీ మరిది మంచం కూడా బిగించాడు. మన ఇంటి నుంచి స్టేషను నీ ఇంటికంటే దగ్గరే. కాగితాలు రాసిస్తున్నావట, సిగ్గులేదూ? ఆ గొంతుతో నేను ఇంతకాలం బతికాను. నువ్వు బతకలేవా?

చెల్లి

*

విచారణ కౌంటరు
టీ విరామం

చెల్లాయ్,

ఇవాళ పొద్దున ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో గొడుగు, చంకలో మూట. కాగితం తీస్తుంటే "కళ్ళజోడు మర్చిపోయానమ్మా, నోటితో చెప్పు" అన్నాడు. చెప్పాను, ఏ ప్లాట్‌ఫారమో. మొదటిసారి అందరి ముందూ, గట్టిగా. వెనకనున్నవాళ్ళెవరూ తిరిగి చూడలేదు. ఆయన రెండడుగులు వేసి మళ్ళీ వచ్చాడు. "ఇక్కడ మైకులో ఒకావిడ చెప్పేది, ఎంత బాగా చెప్పేదో. ఆవిడేమైందమ్మా?" అన్నాడు.

"చెల్లెలింటికి వెళ్ళిందండీ" అన్నాను.

అన్నాక ఇక వెళ్ళక తప్పదు కదా.

శనివారం డ్యూటీ దిగి పెట్టెతో వస్తున్నాను. తలుపు తియ్యకు. వాడు గంట కొట్టగానే నేను వీధిలోంచి పిలుస్తా, నువ్వు వంటింట్లోంచి పిలువు. ఇద్దరిదీ ఒకటే గొంతు, ఇక నువ్వు బొత్తాం నొక్కడానికీ నేను టేపు పెట్టడానికీ వీల్లేదు. ఎవరి వైపు ఎగురుతాడో చూద్దాం.

ఓడినవాళ్ళు పంజరం కడగాలి. గ్లాసులు కూడా.

అక్క